సున్నానికి రంగెందుకండీ

రావులపాలెంలో బస్సు మారి అమలాపురం చేరేసరికి ఏడున్నర. అక్కణ్నించి కాలవ గట్టుకి ఆటో అతను నూటయాభై అడిగాడు. ఆ దూరానికి మా ఊళ్లో నలభై ఇస్తే నవ్వుతూ దింపుతారు. ఊరి చివర ఓ పాత పెంకుటింటి ఎదురుగా, గొడుగు కింద ఒకాయన ఆ ఇంటి బొమ్మ నీటిరంగుల్లో వేస్తున్నారు. చూద్దామనుకున్నవన్నీ మానేసి పదకొండింటిదాకా అక్కడే నిలబడిపోయాను.

ఎంతసేపు చూసినా బొమ్మలో సున్నం గోడకి కుంచె ఆనించరే! అడిగేశాను. "సున్నానికి రంగెందుకండీ, కాగితమే గోడండి, ఆయ్!" అన్నారు. నీటిరంగుల్లో తెలుపు పులిమితే సుద్దలా తేలుతుందట. చుట్టూ ముదురు వేసుకుంటూ వస్తే గోడ దానంతటదే మిగులుతుంది. చూరు కింద నీడకి అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి గోధుమరంగు కలిపి ఒక్క ఊపున లాగారు. మధ్యలో ఆగితే అంచు ఆరిపోయి గీత పడుతుంది. నీడ గంటలో జరిగిపోతుంది కనక, ఎనిమిదింటికి ఎక్కడుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టేసుకున్నారు.

గూనపెంకుల్లో చూరు వరస ఒక్కటే విడివిడిగా గీశారు, పైవన్నీ పూతలో కలిసిపోయాయి. అన్నీ గీస్తే క్యాలెండరు బొమ్మే. వాసం పుచ్చినచోట నడికొప్పు కుంగింది. అక్కడ స్కేలు పెట్టారో, ఇల్లు కొత్తదైపోతుంది.

అసలు తంటా తేమతో. కాలవ పక్కన పూత ఓ పట్టాన ఆరదు. తడి మెరుపు పోయింది కదాని రెండో పూత వేస్తే, నీరు రంగుని పక్కకి నెట్టి కాలీఫ్లవర్ పువ్వులాంటి మచ్చ వస్తుంది. ఆయన వేలి వెనకవైపు కాగితానికి ఆనించి చూసేవారు. చల్లగా తగిలితే లోపల ఇంకా తడున్నట్టు. మూడోసారి చూశాకగానీ కుంచె ముంచలేదు.

కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు), పూర్తి కాటన్, ఫుల్ షీట్లో పావు, అంటే 11 బై 15 అంగుళాలు. చవక రకమైతే రెండు తడుపులకే నూగు లేస్తుంది. ఖరీదైనదైనా వానాకాలం విప్పి పడేస్తే సైజింగ్ అనే జిగురు పూత చెడి, రంగుని అద్దుడు కాగితంలా అక్కడక్కడా పీల్చేస్తుంది. అందుకే ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి తెచ్చుకున్నారు.

ముందురోజు రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాల గబగబా చుట్టేశాను. 1925లో, ఇరవయ్యేడేళ్లకే పోయిన మనిషి. బొమ్మల్లో ఏమేం వేశారో చూశానుగానీ, ఏం వెయ్యకుండా వదిలారో చూడలేదు.

ఈ బొమ్మ రెండున్నర వేలన్నారు. ఆటోకి పోయిన ఉక్రోషం ఇక్కడ బేరంగా మారబోయి ఆగింది. డబ్బు లెక్కపెట్టుకుంటూ ఆయనే చెప్పారు: "మౌంటు, అదే బొమ్మ చుట్టూ అట్ట చట్రం, పెట్టించకుండా అద్దం బిగించకండి. అద్దం కాగితానికి తగిలిందంటే ఒక్క వానాకాలానికే బూజు పట్టేస్తాది."