కిస్తీ 12,900, జీతం 18,000

ఆదివారం, వీక్లీ ఆఫ్.

మధ్యాహ్నం తిని కాస్త నడుం వాల్చుదామనుకునేసరికి నల్లగొండ నుంచి అక్కా బావా, మేనకోడలు దిగారు. దానికి ఇంటర్ అయిపోయింది. ఇంజినీరింగ్ వద్దట, బీఏ మాస్ కమ్యూనికేషన్ చేస్తుందట. అదీ సిటీ అవతల ఒక ప్రైవేటు యూనివర్సిటీలో. ఏడాదికి రెండున్నర లక్షలు, మూడేళ్లు. "నువ్వు ఆ లైన్లనే ఉన్నవ్ గద, నువ్వే చెప్పు" అన్నాడు బావ, బ్రోషర్ నా చేతిలో పెట్టి.

కాగితం మాత్రం బాగుంది. హైయెస్ట్ ప్యాకేజీ ఎంతో పేజీ నిండా వేశారు. పోయినేడు ఎంతమంది పాసై బయటికొచ్చారు, వాళ్లకు మామూలుగా ఎంత వస్తోంది అన్నది వెతికినా దొరకలేదు.

ఫీజుకు ఎడ్యుకేషన్ లోన్ తీసుకోవాలని, చదువు అయ్యేదాకా దానికి వడ్డీ ఉండదని బావ నమ్మకం. ఇలా నమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు. కోర్సు కాలం, ఆపైన ఒక ఏడాది కట్టక్కర్లేదు, అంతే. వడ్డీ మాత్రం డబ్బు విడుదలైన రోజు నుంచే నడుస్తుంది. కరెంటు బిల్లు వెనక లెక్క వేశాం. 10 శాతం అనుకుంటే, మొదటి రెండున్నర లక్షల మీద నాలుగేళ్లకు లక్ష, రెండో దాని మీద 75 వేలు, మూడో దాని మీద 50 వేలు. కిస్తీ మొదలయ్యే నాటికి ఏడున్నర కాస్తా 9 లక్షల 75 వేలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 12,900, మొత్తం పదిహేనున్నర లక్షలు. పదిహేనేళ్లకు పెడితే నెలకు పదిన్నర వేలకు దిగుతుంది గానీ, కట్టేది 19 లక్షలకు దగ్గర పడుతుంది. బావ ఆ అంకె కింద రెండు గీతలు గీసి పెన్ను కింద పెట్టాడు.

మా న్యూస్ డెస్క్‌లో కొత్తగా చేరినవాళ్లకు చేతికొచ్చేది 18 వేలు. ఇంగ్లీషు బాగా వచ్చి కంపెనీల ప్రచారం చూసుకునే పీఆర్ ఏజెన్సీలో పడితే ఇంకో ఏడెనిమిది వేలు ఎక్కువ. హాస్టల్‌కు ఏడు వేలు తీసేస్తే 18లో మిగిలేది కిస్తీకే చాలదు. ఇక ఫోన్ రీచార్జి, బస్సు, నైట్ షిఫ్ట్ టీలు ఎక్కడివి?

"గవర్నమెంటు స్కీమేదో ఉందట గద" అంది అక్క. ఉంది, పీఎం విద్యాలక్ష్మి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించింది. ఇంటి ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల దాకా లోన్ మీద మారటోరియంలో, అంటే కిస్తీ కట్టక్కర్లేని కాలంలో, 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తారు. కాకపోతే ర్యాంకులను బట్టి ఎంపిక చేసిన సంస్థలకే. పోర్టల్ తెరిచి చూస్తే ఈ యూనివర్సిటీ పేరు లేదు. చదువు లోన్ వడ్డీకి ఎనిమిదేళ్లు ఆదాయపన్ను మినహాయింపు కూడా ఉంది గానీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. బావ పోయినేడే కొత్త విధానానికి మారాడు. 18 వేల జీతగత్తెకైతే ఆ మినహాయింపుతో పనే పడదు, పన్నే ఉండదు కాబట్టి!

నాకు ఈ చదువు మీద చిన్నచూపు లేదు, దాని మీదే బతుకుతున్నాను. ఆ రేటుకు కొనడమే దండగంటున్నా. మా దగ్గర ఉద్యోగానికి వస్తే ఎక్కడ చదివావని ఎవరూ పెద్దగా అడగరు. ఒక న్యూస్ ఏజెన్సీ పంపిన కాపీ చేతికిచ్చి అరగంటలో తెలుగు వార్త, మూడు హెడ్డింగులు రాయమంటారు. అక్కడే తేలిపోతుంది. పేరున్న కాలేజీల వాళ్లూ ఆ అరగంటలో చెమటలు కక్కడం చూశాను.

"మామా, నేను రిపోర్టర్ని కాను, యాడ్స్ సైడ్ పోతా. ఆడ స్టూడియో ఉంది, కాంటాక్ట్స్ వస్తయ్" అంది మేనకోడలు. కాంటాక్ట్స్ మాట నిజమే, కాదనలేను. యాడ్ ఏజెన్సీల్లో తెలిసినవాళ్లు చెప్తేనే ఇంటర్న్‌షిప్ దొరుకుతుంది. వాటికోసం పది లక్షలు పెట్టాలా అన్నదే నా బాధ. డిగ్రీ అడ్మిషన్ల పోర్టల్ దోస్త్‌లో ఆప్షన్లు పెట్టుకుని ఏదైనా మంచి డిగ్రీ కాలేజీలో చేరితే ఫీజు వేలల్లో పోతుంది, రీయింబర్స్‌మెంట్ ఆలస్యంగానైనా వస్తుంది. పీజీకి ఉస్మానియా ఉంది, అక్కడ జర్నలిజం విభాగం 1954 నుంచి నడుస్తోంది. లేదంటే సెంట్రల్ యూనివర్సిటీ. లోన్ పెట్టేదేదో అప్పుడు, కొంచెం పెట్టుకోవచ్చు.

బావ ఒప్పుకున్నట్టే ఉన్నాడు. మేనకోడలు మాత్రం మూతి ముడుచుకుంది. పోయేటప్పుడు, ఏదైనా ప్రొడక్ట్ తీసుకుని దానికి యాడ్ స్క్రిప్ట్ రాసి పంపమన్నాను.

రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో వచ్చింది. వాళ్ల వీధి చివర మిర్చి బండికి ముప్పై సెకన్ల యాడ్. మొదటి మూడు లైన్లు తీసేస్తే బాగుంది. అదే రాసి పంపాను. "అవే నాకు నచ్చిన లైన్లు మామా" అని జవాబు. బావ మాత్రం బ్యాంకు మేనేజర్‌ను గురువారం కలుస్తాడట, ఎందుకైనా మంచిదని.