వాన ఆగేదాకా ఆగని పిల్లలకు ఎలాంటి జాకెట్ కొనాలి?

వాన పడుతుంటే ఇంట్లో ఉండాలి, తగ్గాక బయల్దేరాలి. నేను పెరిగిన పద్ధతి ఇది. మా పిల్లలు పెరుగుతున్న చోట ఆ పద్ధతి కుదరదు. ఇక్కడ వాన బడికి వెళ్లే వేళా చూడదు, బడి విడిచే వేళా చూడదు. తోటి పిల్లలంతా సైకిళ్లు తొక్కుకుంటూ వస్తుంటే తను ఒక్కతే కారు దిగడం మా అమ్మాయికి అస్సలు ఇష్టం ఉండదు. నాకేమో పిల్ల తడుస్తుందంటేనే టెన్షన్. వెళ్లాలా వద్దా అని రోజూ పొద్దున్నే వాదించుకునే బదులు, ఏం వేసుకుని వెళ్లాలన్న దాని మీద ఆ శ్రద్ధంతా పెట్టడం మేలని మా ఇంట్లో నిదానంగా తేలింది. అలా రెయిన్ జాకెట్ల గురించి నేను చాలానే తెలుసుకోవాల్సి వచ్చింది. పరాయి దేశంలో పిల్లల్ని పెంచుతున్న వాళ్లలో నాలాంటి వాళ్లు చాలామందే ఉంటారు కాబట్టి రాస్తున్నాను.

ముందు పెద్దవాళ్ల మాట. వీడియో కాల్‌లో వెనకాల వాన చప్పుడు వినపడగానే మా అమ్మ అడిగేది ఒక్కటే. "పిల్ల సైకిల్ మీదే వెళ్లిందా? జలుబు చేస్తుందే, కార్లో దింపకూడదూ?" మా అమ్మాయి దానికి వెంటనే సైన్స్ చెబుతుంది. జలుబు వైరస్ వల్ల వస్తుంది, వాన వల్ల కాదు అమ్మమ్మా అని. పిల్ల చెప్పింది నిజమే. కానీ అమ్మమ్మ భయంలోనూ నిజం ఉందని నేను దానికి విడిగా చెబుతాను. గాలి కన్నా నీరు ఒంట్లోంచి వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. దానికి సైకిల్ వేగంతో తగిలే గాలి తోడైతే, చలి రోజుల్లో తడిసిన పిల్ల నిజంగానే వణికిపోతుంది, వేళ్లు కొంకర్లు పోతాయి, బ్రేకు సరిగా పట్టుకోలేదు. అంటే అమ్మమ్మ చెప్పే జాగ్రత్త సరైనదే, చెప్పే కారణం వేరు. పిల్లలు ఆవిడ మాటను పాతకాలం మాటగా కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. ఇక్కడి బడిలో నేర్చుకున్నదీ అమ్మమ్మ చెప్పిందీ పక్కపక్కన పెట్టి చూడటం వాళ్లకు అలవాటు కావాలి.

ఇక జాకెట్. కొనేటప్పుడు మన ధ్యాసంతా నీళ్లు లోపలికి రాకుండా ఉండటం మీదే ఉంటుంది. సైకిల్ తొక్కేవాళ్లకు అది సగం సంగతే. మిగతా సగం చెమట. నాకు చిన్నప్పుడు తెలిసిన రెయిన్‌కోటు మందపాటి ప్లాస్టిక్ షీటు లాంటిది. చుక్క నీరు లోపలికి రాదు, లోపలి ఆవిరి చుక్కైనా బయటికి పోదు. బస్టాపులో నిలబడటానికి అది బాగానే ఉంటుంది. అదే వేసుకుని ఒక ఎత్తు రోడ్డు ఎక్కితే వాన వల్ల కాకపోయినా చెమటతో చొక్కా అంతా తడిసి ముద్దవుతుంది. తడి ఎక్కడి నుంచి వచ్చినా వేసే చలి ఒకటే.

దీనికి విరుగుడుగా వచ్చినవే లోపల పలుచని పొర ఉన్న జాకెట్లు. 1969లో బాబ్ గోర్ అనే ఆయన పీటీఎఫ్‌ఈ అనే పదార్థాన్ని ఒక్కసారిగా గట్టిగా లాగితే అది సన్నని రంధ్రాలతో నిండిన పొరగా సాగుతుందని కనిపెట్టాడు. ఆ రంధ్రాలు నీటి చుక్క దూరలేనంత చిన్నవి, ఆవిరి మాత్రం వాటిలోంచి పోగలదు. జాకెట్లలో వాడే గోర్‌టెక్స్ అనే బట్ట అలా పుట్టింది. ఇప్పుడు ఇదే పని వేరే పదార్థాలతో చేసే కంపెనీలు చాలా ఉన్నాయి. అయితే ఈ పొర మంత్రమేమీ కాదు. లోపల వేడి, తేమ ఎక్కువగానూ బయట తక్కువగానూ ఉన్నప్పుడే ఆవిరి బయటికి నడుస్తుంది. ఉక్కపోతగా ఉన్న వేసవి వానలో ఎంత మంచి జాకెట్ అయినా లోపల జిడ్డుగానే ఉంటుంది. అలాంటి రోజున జాకెట్ లేకుండా తడుస్తూ వెళ్లి, అక్కడ పొడి బట్టలు మార్చుకోవడమే హాయి అని మా అమ్మాయి అంటుంది. బ్యాగులో పొడి బట్టలు, తువ్వాలు ఉంటే నేనూ సరేనంటాను.

లేబుల్ మీద రెండు అంకెలు చూడాలి. మొదటిది మిల్లీమీటర్లలో ఉంటుంది. బట్ట మీద నీటి స్తంభాన్ని ఎంత ఎత్తు దాకా నిలిపితే నీరు లోపలికి దిగడం మొదలవుతుందో చెప్పే లెక్క అది. బడికి వెళ్లొచ్చే దూరాలకు 10,000 సరిపోతుంది. గంటల తరబడి జోరువానలో తొక్కేవాళ్లకు, బరువైన బ్యాగు మోసేవాళ్లకు 20,000 మంచిది. బ్యాగు పట్టీలు భుజం మీద బట్టను నొక్కుతాయి, ఒత్తిడి పెరిగిన చోటే నీరు దారి వెతుక్కుంటుంది. రెండో అంకె ఆవిరిది. ఒక చదరపు మీటరు బట్టలోంచి 24 గంటల్లో ఎన్ని గ్రాముల ఆవిరి బయటికి పోతుందో అది చెబుతుంది, ఎక్కువుంటే మంచిది. కొన్ని కంపెనీలు దీని బదులు ఆర్‌ఈటీ అని ఇస్తాయి, అంటే ఆవిరికి బట్ట ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె. అక్కడ లెక్క తిరగబడుతుంది, అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. 6 కన్నా తక్కువంటే చాలా బాగా గాలాడుతుంది, 20 దాటితే తొక్కేవాళ్లకు పనికిరాదు. కొలిచే పద్ధతులు రకరకాలుగా ఉంటాయి కాబట్టి ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చి మరీ తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. నా మటుకు నేను ఆ అంకెల కన్నా చంకల కింద జిప్‌లు, వీపు మీద గాలి పోయే చీలిక ఉన్నాయా లేవా అన్నదే ఎక్కువ చూస్తాను. ఎత్తు ఎక్కేటప్పుడు పిల్ల జిప్ కొంచెం దించుకుంటే చాలు, ఏ పొరా చేయలేనంత పని జరుగుతుంది.

జాకెట్‌ను తిరగేసి కుట్లు చూడండి. ప్రతి కుట్టు మీదా సన్నని టేపు అతికించి ఉండాలి. కుట్టు అంటేనే సూది చేసిన రంధ్రాల వరస. బట్ట ఎంత గట్టిదైనా ఆ వరసలోంచి నీరు కారుతుంది. వాటర్ రెసిస్టెంట్ అని మాత్రమే రాసి ఉంటే అది చిన్న తుంపరకే.

అసలు కష్టం సైజు దగ్గర వస్తుంది. పెరిగే పిల్లలు కదా, రెండు సైజులు పెద్దది తీసుకుంటే ఇంకో రెండేళ్లు వస్తుందన్నది మనలో చాలామందికి చిన్నప్పటి నుంచీ ఉన్న ఆలోచన. స్వెటర్లకు అది బాగానే నడుస్తుంది. సైకిల్ మీద మాత్రం నేను దాన్ని గట్టిగా వద్దంటాను. వదులు చేతులు జారి బ్రేకు మీద పడతాయి. పొడుగు అంచు సీటు ముందు కొసకు తగులుకుంటుంది, కాలు కింద పెట్టాల్సిన క్షణంలో పిల్ల దిగలేకపోతుంది. గాలికి జాకెట్ తెరచాపలా ఉబ్బుతుంది. ఒక్క సైజు పెద్దది చాలు. మణికట్టు దగ్గర, నడుము దగ్గర బిగించుకునే పట్టీలు ఉండాలి.

అద్దం ముందు నిలబెట్టి చూస్తే సైజు తెలియదు. పిల్లను కుర్చీ అంచున కూర్చోబెట్టి, రెండు చేతులూ హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు చాపి వంగమనండి. నిలబడ్డప్పుడు మణికట్టు దాటి ఉన్న చెయ్యి ఇప్పుడు వెనక్కి లాగేస్తుంది, వీపు కింది భాగం బయట పడుతుంది. సైకిల్ జాకెట్లకు వెనక అంచు కిందికి సాగి, చేతులు కాస్త పొడుగ్గా ఉండేది ఇందుకే. వెనక చక్రానికి మడ్‌గార్డ్ లేకపోతే బురద నీరంతా చిమ్మేది కూడా సరిగ్గా ఆ నడుము మీదికే. మడ్‌గార్డ్‌లు లేని సైకిల్‌కు ఎంత మంచి జాకెట్ కొన్నా సగం వృథా.

తర్వాత హుడ్. చాలా జాకెట్ల హుడ్‌లు నడిచేవాళ్ల కోసం కుట్టినవి. సైకిల్ తొక్కే పిల్ల తల తిప్పి వెనక వచ్చే బండిని చూడబోతే తల తిరుగుతుంది కానీ హుడ్ తిరగదు, కంటికి బట్ట మాత్రమే కనబడుతుంది. ఇది నాకు వాన కన్నా పెద్ద భయం. అందుకని జాకెట్ వేసి, హెల్మెట్ పెట్టి, హుడ్ తొడిగి, "నా చేతిలో ఎన్ని వేళ్లు ఉన్నాయో చెప్పు" అని పిల్ల భుజం వెనక నిలబడి అడగండి. తల తిప్పగానే చెప్పగలిగితే సరే. చెప్పలేకపోతే ఆ జాకెట్ ఎంత బాగున్నా వద్దు. పలుచని హుడ్ అయితే హెల్మెట్ కింద ఇముడుతుంది. మందపాటిది హెల్మెట్‌ను పైకి లేపేసి పట్టీని వదులు చేస్తుంది. హుడ్ బదులు హెల్మెట్ మీద తొడిగే వాటర్‌ప్రూఫ్ కవర్ కూడా చక్కగా పనిచేస్తుంది, చూపుకు అడ్డం రాదు. చిన్న పిల్లల జాకెట్లకు మెడ దగ్గర వేలాడే తాళ్లు ఉండనే కూడదు. ఏడేళ్ల లోపు పిల్లల బట్టలకు హుడ్ తాళ్లు పెట్టకూడదని యూరప్ ప్రమాణం ఈఎన్ 14682 చెబుతుంది. ఎక్కడ కొన్నా ఈ ఒక్కటి చూసుకోండి.

రంగు దగ్గర మా ఇంట్లో ఇంకా పూర్తిగా రాజీ కుదరలేదు. నాకు దూరానికే కనబడే పసుపుపచ్చ కావాలి. అమ్మాయికి ముదురు నీలం కావాలి, ఎందుకంటే తన స్నేహితులు ఎవరూ మెరిసే జాకెట్ వేసుకోరు. నలుగురిలో వేరుగా కనబడటం దానికి ఇప్పటికే ఎన్నో రకాలుగా తప్పదు. పేరు వేరు, ఇంట్లో మాట్లాడే భాష వేరు. జాకెట్ కూడా ఆ జాబితాలో ఎందుకు అని దాని బాధ. ఆ బాధను నేను చిన్నచూపు చూడలేను. మెరిసే పసుపు పగటి వెలుతురులోనే పనిచేస్తుంది, చీకట్లో దాని వల్ల పెద్దగా ప్రయోజనం లేదు. చీకట్లో కాపాడేది బండి లైటు పడితే తిరిగి వెలిగే రిఫ్లెక్టివ్ పట్టీలు, సైకిల్‌కు ముందూ వెనకా లైట్లు. ఆ పట్టీలు కూడా చీలమండల దగ్గర కడితే, పైకీ కిందికీ కదిలే కాళ్లను చూసి డ్రైవర్లు సైకిల్ తొక్కే మనిషని త్వరగా గుర్తుపడతారు. కాబట్టి నీలం జాకెట్ దానికి, చీలమండల పట్టీలు నాకు. పగలు బాగా మబ్బు పట్టిన రోజుల సంగతి మాత్రం ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాం.

ఉతకడం గురించి ఒక ముక్క. కొత్త జాకెట్ మీద నీళ్లు చిలకరిస్తే ముత్యాల్లా జారిపోతాయి. కొన్నాళ్లకు భుజాల మీద, బ్యాగు పట్టీలు రాసుకునే చోట, బట్ట నీరు పీల్చి నల్లబడుతుంది. జాకెట్ పాడైందని చాలామంది అనుకుంటారు. లోపలి పొర బాగానే ఉండి ఉండొచ్చు, అరిగింది నీటిని జారిపోయేలా చేసే పై పూత. కానీ పై బట్ట నానితే ఆవిరి బయటికి పోదు, లోపల చెమట పట్టి జాకెట్ కారుతున్నట్టే అనిపిస్తుంది. ఇలాంటి బట్టల కోసం అమ్మే సబ్బుతో ఉతికి, లేబుల్ ఒప్పుకుంటే డ్రయర్లో తక్కువ వేడి మీద తిప్పితే పూత చాలావరకు మళ్లీ పనిలో పడుతుంది. అప్పటికీ పీలుస్తుంటే పూత ద్రవం కొని వేయాలి. ఫాబ్రిక్ కండిషనర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. పీఎఫ్‌ఏఎస్ అనే, ప్రకృతిలో తొందరగా కరిగిపోని రసాయనాలు వాడకుండా చేసిన కొత్త పూతలు ఇంకాస్త త్వరగా అరుగుతాయి. అయినా పిల్లలకు నేను వాటినే ఎంచుకుంటాను, పూత ఎన్నిసార్లు వేయాల్సి వచ్చినా సరే.

జాకెట్ కింద కాటన్ చొక్కా వద్దు. అది తడిస్తే తొందరగా ఆరదు. పలుచని ఉన్ని గానీ పాలిస్టర్ గానీ మేలు.

అక్క జాకెట్ తమ్ముడికి ఇవ్వడం ఏ దేశంలో ఉన్నా మనం మానని పని, మానాల్సిన అవసరమూ లేదు. ఇచ్చే ముందు లోపలికి తిరగేసి కుట్ల టేపు ఎక్కడైనా లేచిందేమో గోటితో రాసి చూడండి, భుజాల దగ్గర లోపలి పొర పొలుసులు రాలుతోందేమో చూడండి. టేపు లేస్తే అతికించొచ్చు. పొర రాలిపోతుంటే మాత్రం దాన్ని ఇక వానకు వాడొద్దు, తమ్ముడికి కొత్తదే కొనండి.