దెయ్యాల డోనట్లు: దసరా సెలవుల నుంచి కార్తీకం దాకా ఒక కోనసీమ వంటింటి పద్దు

పిల్లలతో దెయ్యాల డోనట్లు చెయ్యాలనుకుంటే ఈ గోదావరి లంక గాలిలో ముందుగా లెక్కలోకి తీసుకోవలసింది తేమ. పిండి గబగబా పొంగిపోవడం, ఐసింగ్ (పైన వేసే పంచదార పూత) ఎంతకీ ఆరకపోవడం, అతికించిన కళ్ళు జారి బుగ్గల మీదికి దిగడం, అన్నిటికీ మూలం అదే. అందుకని ఈ పద్దులో కొలతలతో పాటు గాలి సంగతి కూడా రాస్తూ వచ్చాం.

దెయ్యాల వేషాలు వేసుకునే పడమటి దేశాల పండగ హాలోవీన్ అక్టోబర్ 31న. మన దీపావళి అమావాస్య దానికి కాస్త అటూ ఇటూగా వస్తుంది, 2024లో అయితే రెండూ ఒకే రోజు పడ్డాయి. దెయ్యాల కోసం పరాయి ఊరు పోనక్కర్లేదు. కొరివి దెయ్యం, దిష్టి గుమ్మడికాయ, గబ్బిలం, సాలీడు ఇక్కడి పిల్లలకి కొత్తేమీ కాదు. బొమ్మలన్నీ వాళ్ళే ఎంచుకున్నారు. పామును మాత్రం జాబితాలోంచి తీసేశాం. దీపావళి వెళ్ళిన నాలుగో రోజే నాగులచవితి, పుట్టలో పాలు పోసే ఇంట్లో పాము బొమ్మ వేసుకుని కొరికి తినడం పెద్దవాళ్ళకి మనసొప్పదు.

దసరా సెలవులు: పిండి

నూనెలో వేయించకుండా ఓటీజీలో, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్‌లో, కాల్చడమే ఖాయం చేశాం. వేయిస్తే రుచి ఒక మెట్టు ఎక్కువే, కాదనం. కానీ నూనె 175 డిగ్రీల దగ్గర మరుగుతున్న మూకుడు పక్కన చిన్నపిల్లల్ని నిలబెట్టే పని కాదిది. పైగా వేయించిన డోనట్ మీద నూనె మిగిలిపోతే ఐసింగ్‌కి పట్టు దొరకదు.

పన్నెండు డోనట్లకి కుదిరిన కొలత ఇది: మైదా 300 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 5 గ్రాములు, పంచదార 45 గ్రాములు, ఉప్పు 5 గ్రాములు, ఒక గుడ్డు, వెన్న 45 గ్రాములు, తియ్యగుమ్మడి గుజ్జు 100 గ్రాములు, పాలు 70 మి.లీ. గుమ్మడి వేసినందువల్ల లోపల పసుపు తిరిగిన నారింజ రంగు దానంతటదే వస్తుంది, మెత్తదనం కూడా మర్నాటి దాకా నిలుస్తుంది. ముక్కల్ని నీళ్ళలో ఉడకబెట్టకూడదు. ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఉడికించి, మెదిపి, మూకుట్లో సన్నసెగ మీద తిప్పుతూ ఉండాలి. గరిటతో గీత గీస్తే ఆ గీతలోకి నీళ్ళు ఊరకుండా ఉన్నప్పుడు దించి, చల్లారాక తూచుకోవాలి.

పాలు ఒకేసారి పొయ్యొద్దు. ముసురు రోజుల్లో విప్పిన మైదా పొట్లం గాల్లో తేమని లాక్కుని ఉంటుంది, అదే కొలతకి పిండి జారుగా వచ్చేస్తుంది. ముందు 50 మి.లీ. పోసి కలిపి, గట్టిగా అనిపిస్తేనే మిగతాది చెంచాతో వెయ్యాలి. పుస్తకాల్లో గోరువెచ్చని పాలు అని ఉంటుంది. అది చలి దేశాల మాట. ఇక్కడ మధ్యాహ్నం వంటిల్లు 30 డిగ్రీలు దాటి ఉంటే ఫ్రిజ్‌లోంచి తీసిన పాలే మంచివి, లేకపోతే పిసుకుతుండగానే పిండి వేడెక్కి పొంగడం మొదలెడుతుంది. ఇక కాగిన పాలు పోస్తే ఈస్ట్ చచ్చిపోతుంది. ఎంతసేపు మూతపెట్టినా పిండి కదలకపోతే ముందు అనుమానించాల్సింది దాన్నే.

వెన్న తప్ప అన్నీ కలిపి అయిదు నిమిషాలు పిసకాలి. తర్వాత వెన్న కొద్దికొద్దిగా చేరుస్తూ ఇంకో ఏడెనిమిది నిమిషాలు. వెన్న వేసిన కొత్తల్లో పిండి జిగటగా చేతికి అంటుకుపోతుంది, భయపడి మైదా చల్లకూడదు. ఓపిక పడితే రెండు మూడు నిమిషాల్లో మళ్ళీ ఒక ముద్దకి వస్తుంది. చిన్న ఉండ తీసి వేళ్ళతో సాగదీస్తే తెగకుండా, వెలుతురు కనపడేంత పల్చటి పొర రావాలి. అంతవరకు పిసకడమే.

ఈ వేడిలో మొదటి పొంగు ముప్పావు గంట నుంచి గంట. రెట్టింపయిందా అని చూడాలి తప్ప గడియారం నమ్మకూడదు. ఎక్కువసేపు వదిలేస్తే పులిసిన కల్లు వాసన వస్తుంది, కాల్చాక డోనట్ ముడతలు పడి కుంగుతుంది. పిల్లలు ఆటలోంచి ఎప్పుడొస్తారో తెలియనప్పుడు ముద్దని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచేస్తే మర్నాడు పొద్దున్న కూడా చేసుకోవచ్చు. చల్లటి పిండి చిన్న చేతులకి అంటుకోదు, అది ఇంకో లాభం.

50 గ్రాముల చొప్పున ఉండలు తూచి పిల్లలకిచ్చాం. ఉండని కాస్త అదిమి, గారెకి పెట్టినట్టే మధ్యలో చిల్లు పెట్టడం. తేడా ఒక్కటే, ఈ చిల్లు పొంగినప్పుడు మూసుకుపోతుంది కాబట్టి రెండు వేళ్ళు దూర్చి 4 సెంటీమీటర్ల దాకా సాగదియ్యాలి. చిన్నదిగా వదిలేస్తే బన్ను అవుతుంది. ఒక్కోటీ ఒక్కో బటర్ పేపర్ ముక్క మీద పెట్టి పాతిక నిమిషాలు వదలాలి. వేలితో మెల్లగా నొక్కితే గుంట సగమే పూడాలి. టక్కున పూడితే ఇంకా పొంగాలి, అసలు పూడకపోతే వెంటనే లోపలికి తొయ్యాలి.

ఓటీజీ పావుగంట ముందే వేడి చేసి, పైనా కిందా రాడ్లు వెలిగించి, మధ్య అరలో 180 డిగ్రీల మీద 10 నుంచి 12 నిమిషాలు. పైన లేత బంగారు రంగు వస్తే చాలు, ఎర్రబడేదాకా ఉంచితే రస్కు దారి పడుతుంది. తియ్యగానే కరిగిన వెన్న రాయాలి.

అట్లతద్దె: ఐసింగ్, కోన్లు, రంగులు

గోరింటాకు కోన్ పట్టుకోవడం వచ్చిన పిల్లకి ఐసింగ్ కోన్ కొత్తగా నేర్పక్కర్లేదు. అదే పట్టు, అదే ఒత్తిడి. బటర్ పేపర్‌తో కోన్ చుట్టి మొన దగ్గర 2 మిల్లీమీటర్లు కత్తిరిస్తే కనుబొమలకి, గీతలకి సరిపోతుంది.

ఐసింగ్: ఐసింగ్ షుగర్ 150 గ్రాములు, పాలు 20 నుంచి 25 మి.లీ. పంచదార ఇంట్లోనే మిక్సీ పట్టుకుంటే 10 గ్రాముల కార్న్‌ఫ్లోర్ కలిపి పట్టి, సన్నజల్లెడ పట్టాలి. పలుకు మిగిలితే కోన్ మొన పూడుకుపోతుంది. చెంచాతో ఎత్తి జార్చినప్పుడు పడ్డ తీగ పది సెకన్లలో కలిసిపోతే ముంచడానికి సరైన చిక్కదనం. వెంటనే కలిసిపోతే పల్చన, పక్కలకి కారిపోతుంది. గీతలకైతే తీగ కరగకుండా నిలబడాలి. డోనట్ పూర్తిగా చల్లారాకే ముంచాలి, అరచేతిలో పెట్టుకుంటే వెచ్చదనం తెలియకూడదు. ముంచినవాటిని తీగల స్టాండు మీద, ఫ్యాన్ కింద ఆరబెట్టాలి. మూత ఉన్న డబ్బాలో పెడితే తేమ లోపలే చిక్కుకుని ఐసింగ్ మళ్ళీ జిగటవుతుంది.

రంగుల దగ్గర నలుపుతోనే పేచీ. మన దేశంలో తినే పదార్థాలకి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిది: ఎరుపులు మూడు, పసుపులు రెండు, నీలాలు రెండు, ఆకుపచ్చ ఒకటి. నలుపు అందులో లేదు. కృత్రిమ రంగులతో చేసిన నల్ల జెల్ అంటే వీటి కలయికే, అందుకే ఐసింగ్‌లో తక్కువ వేస్తే ఊదాగానో, పచ్చగానో తిరుగుతుంది. ఎక్కువ వేస్తే చేదెక్కి, నాలుకలు, పళ్ళు నల్లబడతాయి. ముదురు కోకో పొడి 20 గ్రాములు ముందు కలిపి గోధుమ రంగు తెచ్చుకుని, అప్పుడు రెండు చుక్కల జెల్ వేసి అరగంట వదిలితే రంగు దానంతట ముదురుతుంది. బూడిద రంగు కావలసినప్పుడు వేయించిన నల్లనువ్వుల పొడి బ్రహ్మాండంగా పనికొచ్చింది. ఎరుపుకి బీట్‌రూట్ రసాన్ని సగానికి మరిగించి వాడాం.

ముసురు పట్టిన రోజు

వాన ఆగకుండా కురిసే రోజు పంచదార ఐసింగ్ జోలికి పోవద్దు. ఆ రోజు కాంపౌండ్ చాక్లెట్, అంటే కోకో వెన్నకి బదులు వేరే కొవ్వుతో చేసిన రకం. అది కొవ్వుతో గట్టిపడేది, గాల్లో తేమ దానికి అంతగా అడ్డు కాదు. 200 గ్రాముల ముక్కలకి 10 మి.లీ. వాసన లేని నూనె చాలు. అడుగున నీళ్ళు మరగకుండా వేడిగా మాత్రం ఉండాలి, పై గిన్నె ఆ నీళ్ళకి తగలకూడదు. ఒక్క చుక్క నీరు పడినా, ఆవిరి తగిలినా చాక్లెట్ బిర్రబిగిసి ఇసకలా పొడిపొడి అవుతుంది. తెల్ల కాంపౌండ్‌కి రంగు కలపాలంటే నూనెలో కరిగే రంగే వెయ్యాలి. మామూలు జెల్‌లో నీరుంటుంది, దాంతోనూ అంతే.

నరక చతుర్దశి: ముఖాలు

దిష్టి గుమ్మడికాయ ముఖం డోనట్‌కే పుట్టినట్టుంది. మధ్య చిల్లే తెరిచిన నోరు. తెల్ల ఐసింగ్‌తో పెద్ద గుండ్రటి కళ్ళు, నల్ల కోన్‌తో మీసం. కోరలకి పచ్చికొబ్బరి ముక్కని వెనక గోధుమ పొట్టు చెక్కేసి ముక్కోణాలుగా కోశాం. కొబ్బరి తడిని గుడ్డతో అద్ది, వడ్డించే ముందే గుచ్చాలి. ముందే పెడితే చుట్టూ ఐసింగ్ కరిగి రంగు పాకుతుంది.

సాలెగూటికి తొందర కావాలి. నల్ల చాక్లెట్‌లో ముంచిన వెంటనే, తడి మీదే తెల్ల చాక్లెట్‌తో చిల్లు చుట్టూ మూడు వలయాలు గీసి, టూత్‌పిక్‌తో లోపలి నుంచి బయటికి ఎనిమిది వైపులా లాగాలి. ప్రతి లాగుడికీ మొన తుడవాలి. అర నిమిషం దాటితే అడుగు గట్టిపడి గీత చిరుగుతుంది. కాబట్టి వరసగా అన్నీ ముంచి పెట్టుకోకుండా ఒక్కో పిల్లకి ఒక్కోటీ ముంచి ఇవ్వాలి. పని అయ్యాక టూత్‌పిక్‌లు లెక్కపెట్టి తీసెయ్యాలి, ఒక్కటీ డోనట్‌లో మిగలకూడదు.

అన్నిటికంటే మాకు ముద్దొచ్చింది పూతరేకు దెయ్యం. ఆత్రేయపురం వైపు మడత పెట్టని ఉత్త రేకులు విడిగా దొరుకుతాయి. బోర్లించిన వేడి కుండ మీద బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డని లాగితే ఏర్పడే పొర అది, వెనక చెయ్యి పెడితే వేళ్ళు కనపడతాయి. ముసుగు దెయ్యానికి అంతకన్నా మంచి గుడ్డ ఎక్కడ దొరుకుతుంది? కాల్చిన చిన్న ఉండని చిల్లు మీద తలలా నిలబెట్టి, రేకుని తడిపి పిండిన గుడ్డ మీద నాలుగైదు సెకన్లు ఉంచి ఎత్తి పైన కప్పాలి. మెత్తబడిన రేకు మడతలు పడుతూ దిగి, నిమిషంలో మళ్ళీ బిగుసుకుని అలాగే నిలుస్తుంది. ఎక్కువ తడిస్తే చేతిలోనే చిరుగుతుంది, పొడిగా కప్పితే పెళుక్కుమంటుంది. అడుగున పంచదార ఐసింగ్ ఉంటే గంటలో రేకు అందులోకి కరిగిపోతుంది, గట్టిపడిన చాక్లెట్ మీదైతే సాయంత్రం దాకా ఆగుతుంది. కళ్ళు కోన్‌తో రెండు చుక్కలు, అంతే.

కొరివి దెయ్యానికి నారింజ, పసుపు ఐసింగ్ పక్కపక్కనే పోసి మంటలా లాగితే చాలు. గబ్బిలం రెక్కలకి చాక్లెట్ బిస్కెట్ సగానికి విరిచి గుచ్చాం.

పనుల పంపకం: అయిదేళ్ళ లోపు వాళ్ళు కళ్ళు అతికించడం, నువ్వులు చల్లడం. తొమ్మిది లోపు వాళ్ళు ముంచడం. ఆ పైవాళ్ళకి కోన్లు, సాలెగూళ్ళు. పొయ్యి, ఓటీజీ ట్రే మాత్రం పెద్దవాళ్ళవే.

అలంకరించినవి ఫ్రిజ్‌లో పెట్టకూడదు. బయటికి తియ్యగానే చెమర్చి ముఖాలన్నీ కారిపోతాయి, లోపల డోనట్ కూడా గట్టిపడుతుంది. పళ్ళేన్ని నీళ్ళు పోసిన వెడల్పు తాంబాళంలో గిన్నె బోర్లించి దాని మీద పెడితే చీమల బెడద ఉండదు. ముందే చేసుకోవాలనుకుంటే అలంకరణ లేని డోనట్లని డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, కవర్ విప్పకుండానే మామూలు వేడికి రానివ్వాలి.

కార్తీకం: గుడ్డు లేని వాయి

దీపావళి మర్నాటి నుంచి చాలా ఇళ్ళలో గుడ్డు ముట్టరు. దానికి ఈస్ట్ లేని పిండి కుదిరింది: మైదా 150 గ్రాములు, పంచదార పొడి 80, బేకింగ్ పౌడర్ 5, వంటసోడా పావు చెంచా, చిటికెడు ఉప్పు, పెరుగు 120, చిక్కటి కొబ్బరిపాలు 40 మి.లీ., నూనె 40 మి.లీ., బాగా మాగిన అరటిపండు గుజ్జు 50 గ్రాములు. తడివీ పొడివీ కలిసేదాకా మాత్రమే తిప్పాలి. ఎక్కువ కలిపితే రబ్బరులా సాగుతుంది. కలిపిన వెంటనే వెయ్యాలి, సోడా పొంగు కాసేపే.

ఓటీజీ లేనివాళ్ళకి గుంతపొంగణాల పెనం చాలు. గుంటల్లో ముప్పావు దాకా పోసి, మూతపెట్టి, సన్నసెగ మీద నాలుగు నిమిషాలు, తిప్పి ఇంకో రెండు. వచ్చే గుండ్రటి ఉండలు కనుగుడ్లు. తెల్ల కాంపౌండ్‌లో ముంచి, మధ్యన ఒక చాక్లెట్ బిళ్ళ, చుట్టూ బీట్‌రూట్ ఐసింగ్‌తో సన్నటి ఎర్ర నరాలు. నరాలు గీసేది చాక్లెట్ పూర్తిగా గట్టిపడ్డాకే, తడి మీద గీస్తే ఎరుపు ఉండకట్టి ఊడిపోతుంది. పెనం మధ్య గుంట మిగతావాటికంటే ముందు మాడుతుంది, దాన్ని ఖాళీగా వదిలెయ్యడం మేలు.