ఔను, చేయలేదు

పదహారేళ్ల కిందట, హైదరాబాదు శివార్లలోని ఒక మందుల పరిశ్రమలో ఇంటర్వ్యూ ఉందని తెలిసి, నేను నల్లగొండలో ఇంకా తెల్లవారకముందే బస్సెక్కాను. తెలుగు మాధ్యమంలో బీఎస్సీ పూర్తి చేసిన నాకు రసాయన శాస్త్రంలో మంచి మార్కులే ఉన్నాయి. ఎదురుగా కూర్చున్న ముగ్గురిలో ఒకాయన నా కాగితాలు తిరగేసి, మందులో ఏ పదార్థం ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద మీరు ఎప్పుడూ పని చేయలేదా అని ఇంగ్లీషులో అడిగారు. మా కాలేజీలో ఆ యంత్రమే లేదు కనుక నేను ‘యస్ సర్’ అన్నాను. ఆయన ముఖం విప్పారింది. ఎక్కడ చేశారు, ఎన్నాళ్లు చేశారు, ఏ కాలమ్ వాడారు అని వరసగా అడగసాగారు. నేను కంగారుపడి ‘నో సర్’ అన్నాను. ఇప్పుడే కదా యస్ అన్నారు అని ఆయన అంటే, ‘యస్ సర్, నాట్ వర్క్‌డ్’ అన్నాను. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చేయని పనిని చేశానని చెప్పి, పట్టుబడేసరికి మాట మార్చిందని వారు అనుకున్నారు. ఉద్యోగం రాకపోవడం కన్నా, అబద్ధమాడిన మనిషిగా ఆ గదిలోంచి బయటికి రావడమే నన్ను ఎక్కువ బాధించింది.

ఆ రోజు నేను చేసిన తప్పేమిటో నాకు ఆరేళ్ల దాకా తెలియలేదు. తెలుగులో ‘అన్నం తినలేదా?’ అని అడిగితే, తినని మనిషి ‘ఔను, తినలేదు’ అంటుంది. ఆ ‘ఔను’ అడిగినవారి మాటకు ఒప్పుకోలు. ఇంగ్లీషులో ‘యస్’ అన్న మాట, ప్రశ్న ఎట్లా వేసినా సరే, జరిగిన పనినే అంటిపెట్టుకుని ఉంటుంది. తింటే యస్, తినకపోతే నో. ఈ రెండు వాక్యాల సంగతి పదేళ్ల బడి చదువులో గాని, మూడేళ్ల డిగ్రీలో గాని నాకు ఎవ్వరూ చెప్పలేదు. తర్వాత నేను చేరిన ఒక చిన్న కంపెనీలో, నాతో పాటు రాత్రి షిఫ్టు చేసిన ఒక తమిళ అక్క ఒకనాడు చాయ తాగుతూ మాటల మధ్యలో చెప్పింది. ఆమె కూడా అట్లాగే దెబ్బతిని నేర్చుకున్నదట. విన్న క్షణంలో నాకు కోపం వచ్చింది, ఆమె మీద కాదు. ఇంత చిన్న సంగతిని, ఇంత సులువుగా చెప్పగలిగినదాన్ని, ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదన్న కోపం అది.

నేను ఇక్కడ చెప్పదలుచుకున్నది కూడా అదే. మాకు ఇంగ్లీషు నేర్పినప్పుడు, మా తలలో అప్పటికే ఒక భాష ఉన్నదని, అది నిండుగా, తన సొంత పద్ధతులతో ఉన్నదని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఖాళీ గిన్నెలో నీళ్లు పోసినట్టు పోశారు. మా ఊరి ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు పాఠమంటే సారు ఒక వాక్యం చదివి దాని అర్థం తెలుగులో చెప్పడం, ఆ తర్వాత ప్రశ్నలకు జవాబులు గైడులో చూసి మేము బట్టీ పట్టడం. పదో తరగతిలో హిందీకి 20 మార్కులు వస్తే గట్టెక్కవచ్చు. ఇంగ్లీషుకు మాత్రం 35 రావాలి. ఆ ముప్పయ్యైదు కోసమే చదువంతా. ఐదేళ్లలో ఒక్కసారైనా తరగతిలో ఎవరూ నోరు తెరిచి, సొంతంగా ఒక్క ఇంగ్లీషు వాక్యం పలికిన జ్ఞాపకం నాకు లేదు.

అసలు నోరు మూతపడడం ఇంగ్లీషుతో మొదలు కాలేదని ఇప్పుడు అనిపిస్తుంది. ఇంట్లో మేము ‘నాయిన వచ్చిండు’ అంటాం. పుస్తకంలో ‘నాన్న వచ్చాడు’ అని ఉండేది. ‘యాడికి పోతున్నవ్’ అన్నందుకు, అది మోటు మాట అని ఒక సారు నన్ను తరగతి అందరి ముందూ లేపి దిద్దించారు. అంటే బడిలో నేను నేర్చుకున్న మొదటి పరాయి భాష, పుస్తకంలోని తెలుగే. నా మాట తప్పు అన్న భయం అక్కడ పడింది. ఆ భయం మీదే తర్వాత ఇంగ్లీషు వచ్చి కూర్చుంది. మా తాతది ఇంకొక తీరు. నిజాం కాలంలో నాలుగో తరగతి దాకా ఆయన చదివింది ఉర్దూలో. ఊళ్లోవాళ్లు పహాణీ కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చేవారని, 1948 తర్వాత మెల్లమెల్లగా ఆ రాకపోకలు తగ్గిపోయాయని మా నాయనమ్మ చెప్పేది. మా ఇంట్లో రెండు తరాలకు రెండు పరాయి భాషలు కావలసి వచ్చాయి.

1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంఘ సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడడానికి నిలబడితే, సభలోనివారు గోల చేసి ఆయనను మాట్లాడనివ్వలేదు. ఆ అవమానంలోంచే నిజాం రాజ్యంలోని తెలుగువారి సంఘం, ఆంధ్ర జనసంఘం పుట్టింది. మరుసటి ఏడు, 1922లో, మా నల్లగొండ నుంచే షబ్నవీసు వెంకట రామనరసింహారావు నీలగిరి అనే తెలుగు పత్రికను తెచ్చారు. ఈ చరిత్ర చదివినప్పుడు నాకు సభలో నిలబడి ఆగిపోయిన ఆ మనిషి గొంతే ముందుగా గుర్తుకు వస్తుంది. విషయం తెలిసి, చెప్పాలన్న కోరిక ఉండి, ఎదుటివారు ఆ మాటను వినకపోవడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు.

ఉద్యోగంలో చేరాక నాకు ఎదురైన చిక్కుల్లో ఎక్కువ భాగం తెలుగులోని మర్యాదల దగ్గరే వచ్చాయి. ఒకసారి మా పై ఆఫీసులో ఒక మేడమ్‌కు, ఆ ఫైలు ఈ రోజు పంపండి అని ఇంగ్లీషులో మెయిల్ రాశాను. నా మనసులో ఉన్నది ‘పంపండి’ అన్న మాట. అందులోని ‘ండి’లో నా గౌరవమంతా ఉంది. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి ఆ ‘ండి’ రాలిపోయి వట్టి ‘సెండ్’ మిగిలింది. నేను ఆమెకు ఆజ్ఞ ఇచ్చానని ఆమె మా మేనేజరుకు ఫిర్యాదు చేశారు. ఇంగ్లీషువారు ఆ మర్యాదను ‘కుడ్’, ‘ఉడ్’ అన్న మాటల్లో దాచుకుంటారని అప్పటికి నాకు తెలియదు. బడిలో మాకు చెప్పింది, ‘ఉడ్’ అంటే ‘విల్’కు భూతకాలం అని మాత్రమే. జరగబోయే పనిని అడగడానికి భూతకాలం ఎందుకు వాడతారని నేను తల పట్టుకున్న రోజులున్నాయి.

‘కదా’ కూడా అంతే. మనకు ఏ వాక్యం చివరనైనా ఒక్క ‘కదా’ సరిపోతుంది. ఇంగ్లీషులో వాక్యంలోని క్రియను బట్టి, కర్తను బట్టి, కాలాన్ని బట్టి ఆ తోక మారుతుంది. మనవాళ్లు అన్నిటికీ ‘ఈజింటిట్’ తగిలిస్తారని నవ్వేవారు, అది మన ‘కదా’ అని ఒక్క క్షణం గుర్తించినా నవ్వరని నేను నమ్ముతాను. ఇక ఉచ్చారణ సంగతి: మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కనుక బస్సు, కారు, పెన్ను అయ్యాయి. మాట్లాడేటప్పుడు అచ్చు తగిలించకుండా నాలుకను ఆపుకోవడం సాధనతో వస్తుంది. వినడమే కష్టం. మన అక్షరం ఎట్లా రాస్తే అట్లా పలుకుతుంది. కాగితం మీద నేను వందసార్లు రాసిన ఇంగ్లీషు మాటే, ఫోనులో ఎవరో వేగంగా పలికితే, కొత్త మాటలా చెవిని దాటి వెళ్లిపోయేది.

వీటన్నిటిలో నా మనసులోంచి పోనిది ఒక ఆడిట్ రోజు. బయటి దేశం నుంచి తనిఖీకి వచ్చిన ఆయన మా ప్రయోగశాల లాగ్‌బుక్కులో ఒక రాత్రి ఆగిపోయిన పరీక్ష మీద వేలు పెట్టి, దీన్ని మధ్యలో ఎందుకు వదిలేశారని అడిగారు. ఆ రాత్రి యంత్రం ముందు ఉన్నది నేను. యంత్రంలో శాంపిల్‌ను మోసుకుపోయే మొబైల్ ఫేజ్ ద్రవంలో గాలి బుడగ చేరి, పంపు ఒత్తిడి పడుతూ లేస్తూ, ప్రవాహం తగ్గి, పదార్థం ఉనికిని చూపే గీతలోని శిఖరం, పీక్, రావలసిన సమయం కన్నా ఆలస్యంగా వచ్చింది. నేను పరీక్ష ఆపి, లాగ్‌బుక్కులో రాసి, షిఫ్టు ఇన్‌చార్జికి చెప్పి, ద్రవంలోని గాలి పోయేట్టు మళ్లీ డీగ్యాస్ చేసి, పంపులో చిక్కిన గాలిని ద్రవంతో తోసేసి, ఒత్తిడి నిలకడగా ఉందని చూసుకున్నాకే మళ్లీ మొదలుపెట్టాను. ఇదంతా తెలుగులో ఒక్క గుక్కలో చెప్పగలను. ఆయన నా వైపు చూస్తున్నారు. నా నోట ‘ఎయిర్ ప్రాబ్లమ్ సర్’ అన్న మూడు మాటలు మాత్రమే వచ్చాయి. తర్వాతి మాట కోసం నేను వెతుక్కుంటుండగానే, ఆ రాత్రి అక్కడ లేని మా మేనేజరు అందుకుని, శాంపిల్ తయారీలో పొరపాటు జరిగిందని చక్కటి ఇంగ్లీషులో చెప్పారు. లాగ్‌బుక్కులో ఉన్నది పంపు ఒత్తిడి, నోటితో చెప్పింది శాంపిల్ పొరపాటు. తనిఖీకి వచ్చిన ఆయన తన నోటుబుక్కులో ఆ తేడాను రాసుకున్నారు. ఆ రాతకు జవాబు తయారు చేయడానికి మాకు రెండు వారాలు పట్టింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాక అమ్మ, ముఖం అట్లా ఉందేందని అడిగింది. జరిగినదంతా చెప్పాను. అమ్మ చదువుకోలేదు, కానీ ఎకరంన్నర బత్తాయి తోటను బోరు నీళ్లతో బతికించిన మనిషి. మొత్తం విని, ‘అంటే, బోరు మోటరు గాలి పట్టి నీళ్లు తెగి తెగి వచ్చినట్టే గదా బిడ్డా’ అన్నది. అంతే. అదే నేను చెప్పవలసిన మాట. ఆ పరిశ్రమలో అంత ఖరీదైన యంత్రం ముందు నేను ఆ రాత్రి గమనించింది, మా తోటలో చిన్నప్పటి నుంచి గమనిస్తున్నదే. ఆ ఎరుక నాకు తెలుగులో వచ్చింది, తెలుగులోనే ఉంది. దాన్ని ఇంగ్లీషు దాకా తీసుకుపోయే దారి ఎక్కడుందో నాకు ఎవరూ చూపించలేదు.

మనం ‘నాకు ఇంగ్లీషు రాదు’ అంటాం. భాషే మన దగ్గరికి రావాలన్నట్టు చెప్పుకుంటాం. నేను మాత్రం చాలా ఏళ్లు దాని వెంట పరుగెత్తాను. అమీర్‌పేటలో ఒక కోచింగ్‌కు డబ్బు కట్టాను, తెలుగులో ఒక్క మాట మాట్లాడినా పది రూపాయల జరిమానా అన్న నిబంధన అక్కడ గోడ మీద ఉండేది. మూడు నెలల్లో నేను అక్కడ నేర్చుకున్నది తక్కువ, మౌనంగా కూర్చున్నది ఎక్కువ. తమిళ అక్క ఒక్క రాత్రి చాయ దగ్గర చెప్పినదానితో దాన్ని పోల్చడానికి కూడా నాకు మనసు రాదు.

2022–23 విద్యా సంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మాధ్యమం తెచ్చారు. పాఠ్యపుస్తకాలను ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పక్క తెలుగు ఉండేట్టు అచ్చువేశారు. ఇంగ్లీషు మాధ్యమం మంచిచెడ్డల మీద మా ఇంట్లోనే ఒకరికొకరికి పొసగదు. మా అన్నకు అది పిల్లల హక్కు. నాకు, తెలుగులో ఆలోచించడం నిలదొక్కుకోకముందే పిల్లల కాళ్ల కింది నేల తీసేస్తున్నామేమోనన్న దిగులు ఉంది. అయితే ఆ ఎదురెదురు పుటలను మాత్రం నేను ప్రేమిస్తాను. రెండు భాషలు ఒకదాన్ని ఒకటి చూసుకుంటూ ఉండే పుస్తకం నా చిన్నప్పుడు నాకు దొరికి ఉంటే బాగుండేది. ఆ రెండు పుటలు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో చూపించే మనిషి కూడా పక్కన ఉండాలి.

మా అన్న బిడ్డ ఊళ్లో ప్రభుత్వ బడిలోనే ఆరో తరగతి చదువుతోంది. నేను వీలైన ఆదివారాలు వెళ్లి, తోటలో ఆమె పక్కన కూర్చుంటాను. మొదటి ఆదివారం ‘యస్’, ‘నో’ సంగతి చెప్పాను. ‘నువ్వు బడికి పోలేదా?’ అని ఇంగ్లీషులో నేను అడగడం, ఆమె ‘నో, ఐ డిడింట్’ అనడం, ఇరవై సార్లు చేశాం. తర్వాత ‘మనం’, ‘మేము’ రెండింటికీ ఇంగ్లీషులో ‘వీ’ ఒక్కటే అని చెప్పాను. ఆమె కాసేపు పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచించి, ‘మరి అత్తమ్మా, వాళ్లు వీ అన్నప్పుడు నన్ను కలుపుకున్నరో లేదో నాకు ఎట్ల తెలుస్తది?’ అని అడిగింది. వాళ్ల ముఖం చూసి, ముందు మాటా వెనక మాటా చూసి తెలుసుకోవాలి బిడ్డా అన్నాను. తెలియకపోతే అడగవచ్చా అన్నది. అడగవచ్చు, ఎట్లా అడగాలో వచ్చే ఆదివారం నేర్చుకుందామని చెప్పాను.