పాట వచ్చింది, మాట రాలేదు

నాన్నకు పక్షవాతం వచ్చి రెండేళ్లు దాటింది. తెనాలిలో మా ఇంట్లోనే, పొద్దున్న ఏడింటికి పళ్లు తోముకుంటుంటే బ్రష్ చేతిలోంచి జారిపోయింది. మూతి ఒక పక్కకి లాగేసింది. గ్యాస్ పట్టిందేమో, కాసేపు పడుకుంటే సర్దుకుంటుందని పక్కింటివాళ్లు అంటే అమ్మ మధ్యాహ్నం దాకా ఆగింది. గుంటూరు తీసుకెళ్లి స్కాన్ చేయించేసరికి, రక్తం గడ్డ కరిగించే ఇంజక్షన్‌కి ఉన్న నాలుగున్నర గంటల గడువు దాటిపోయింది.

దెబ్బ తిన్నది మెదడు ఎడమ వైపు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. ఏం అడిగినా "అదే... అదే" అనేవారు. కాఫీకీ అదే, బాత్రూంకీ అదే. మేం చెప్పేవన్నీ అర్థమయ్యేవి. మాట నోటి దాకా వచ్చి ఆగిపోతోందని మొహం చూస్తేనే తెలిసేది.

డిశ్చార్జ్ కాగితంలో ఫిజియోథెరపీ రాశారు, మాట గురించి ఒక్క ముక్క లేదు. అడిగితే "మెల్లగా అదే వస్తుందమ్మా" అన్నారు. మా ఇంట్లో వస్తోంది ఆ 'అదే' ఒక్కటే! అలా మూడు నెలలు పోయాయి. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. మధ్యలో ఒక చుట్టం, పావురం రక్తం రాస్తే నయమవుతుందని పావురాన్నే పట్టుకొచ్చాడు. అమ్మ దాన్ని డాబా మీదకి తీసుకెళ్లి వదిలేసింది.

ఒక శుక్రవారం అమ్మ దీపం పెట్టి మంగళహారతి పాడుతుంటే వెనక నుంచి నాన్న గొంతు. చరణం మొత్తం, ఒక్క అక్షరం తప్పకుండా. అమ్మ పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ముప్పై ఏళ్లు రామాలయం భజనలో చిడతలు వాయించిన మనిషి మరి. ఇంకేం, మాట వచ్చేసిందనుకుని పొద్దున్నుంచి రాత్రి దాకా పాటలే పాడించాం. నెల తిరిగేసరికి పది పాటలొచ్చాయి. మంచినీళ్లు అడగడం మాత్రం రాలేదు.

అప్పుడు వెతుక్కుని స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్లాం. "మాట ఎక్కువగా ఎడమ మెదడు పని. పాటకి కుడి వైపు సాయం కూడా ఉంటుంది, అందుకే అది మిగిలింది. కానీ కంఠతా వచ్చిన పాట పాడటం వేరు, కావలసింది అడగడం వేరు. రోజూ వాడే మాటనే రాగంలో పెట్టాలి" అన్నారావిడ. ఈ పద్ధతిని 1973లో అమెరికాలోని బోస్టన్‌లో మొదలుపెట్టారట. ఎదుటివాళ్లు చెప్పేది అర్థమై, తాము మాట్లాడలేనివాళ్లకే ఇది ఎక్కువ పనికొస్తుందని, అందరికీ కుదరదని ముందే చెప్పారు.

మొదటి పాఠం "నీళ్లు కావాలి". రెండే స్వరాలు, ఒకటి పైన, ఒకటి కింద. ఒక్కో అక్షరానికీ నాన్న ఎడమ చేతిని పట్టుకుని బల్ల మీద తట్టించేవారు. ముందు ఊరికే కూనిరాగం, తర్వాత ఇద్దరూ కలిసి పాడటం. ఆ తర్వాత ఆవిడ సగంలో ఆపేస్తే మిగతాది నాన్న ఒక్కరే పూర్తి చెయ్యాలి. చివరికి "ఏం కావాలి?" అంటే జవాబుగా అదే పాడాలి. మొదటి వారమంతా "నీ" దగ్గరే చెమటలు పట్టేవి. పదిహేను నిమిషాలకే అలిసిపోయి మొహం తిప్పేసుకునేవారు. ఇంట్లో అమ్మ రెండు పూటలా చేయించేది. ఒక మాట కుదిరాక రాగం కొంచెం కొంచెం తగ్గించి మామూలు మాటలా పలికించాలి. అన్నిటికన్నా కష్టం అదే. కొన్ని మాటలు ఈ రోజుకీ రాగం వదల్లేదు.

నడకకీ తాళం కలిసొచ్చింది. అమ్మ చిడతలు వాయిస్తుంటే ఫిజియోథెరపీ అబ్బాయి అడుగులు వేయించేవాడు. ఊరికే నడిస్తే కుడి కాలు ఈడ్చేవారు, తాళం ఉంటే అడుగు తేలిగ్గా పడేది.

నేను మళ్లీ హైదరాబాద్ వచ్చేశాను. ఫోన్ ఎడమ చేత్తో పట్టుకుంటే నాన్నకి తట్టడానికి చెయ్యి ఉండదు, మాట ఆగిపోతుంది. అందుకని స్పీకర్ ఆన్ చేసి ఫోన్ బల్ల మీద పెడతారు. నేను ఎత్తగానే ముందు టక్, టక్ అని చప్పుడు. తర్వాత రెండు స్వరాల్లో, "అమ్మాయ్, తిన్నావా?"