గ్లాసు వేరు చేశాం, గాలి ఒక్కటే పీల్చాం

పోయిన ఆగస్టులో ఓ మంగళవారం మా పాప బడి నుంచి ముక్కు కారుతూ వచ్చింది. రాత్రికి జ్వరం 102. గురువారానికి నాకు ఒళ్లు నొప్పులు, శుక్రవారం మా ఆయన, ఆదివారం అత్తయ్య. డాక్టరు గారు చూసి ఫ్లూ అన్నారు. మేం ముగ్గురం వారంలో లేచి తిరిగాం. అత్తయ్యకి 72 ఏళ్లు, పైగా షుగరు. ఆవిడ దగ్గు నెల్లాళ్లు వదల్లేదు. అర్ధరాత్రి ఆవిడ లేచి కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతుంటే వీపు నిమరడం తప్ప ఏం చేయాలో నాకు తోచేది కాదు.

జాగ్రత్త పడలేదా అంటే పడ్డాం. పాపకి కంచం వేరు, గ్లాసు వేరు, తువ్వాలు వేరు. గిన్నెలన్నీ వేడినీళ్లతో కడిగాను. రాత్రయ్యేసరికి మాత్రం అందరం ఒకే గదిలో. విశాఖలో మేముండే ఎంవీపీ కాలనీకి సముద్రం ఎంత దగ్గరైనా ఉక్కపోత ఉక్కపోతే, ఇంట్లో ఉన్నది ఒక్క ఏసీ. కిటికీలు బిగించి, తలుపు కింద సందులో పాత దుప్పటి కుక్కి, మంచం మీద అత్తయ్య, పాప, కింద పరుపు మీద మేమిద్దరం.

ఏసీ బయటి గాలిని లోపలికి తెస్తుందని ఇన్నేళ్లూ అనుకున్నాను. గోడకి బిగించే మామూలు స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే లాక్కుని, చల్లార్చి, మళ్లీ గదిలోకే వదులుతుంది. దగ్గితేనే కాదు, మాట్లాడినా, ఊరికే ఊపిరి వదిలినా కంటికి కనపడని తుంపర్లు వస్తాయి. పెద్దవి దగ్గర్లోనే రాలిపోతాయి. మరీ సన్నవి అగరొత్తి పొగలా గాల్లో తేలుతుంటాయి. ఆ మూసిన గదిలో రోజూ ఎనిమిది గంటలు పడుకున్నాం.

ఇంకో సంగతి తెలిశాక మనసు చివుక్కుమంది. ఫ్లూ పైకి కనపడడానికి ఒక రోజు ముందు నుంచే పక్కవాళ్లకి అంటగలదు. అంటే సోమవారం రాత్రి, పాప హుషారుగా గెంతుతున్నప్పుడు, అత్తయ్య దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని పెరుగన్నం తినిపించి, వద్దన్న ఆఖరి ముద్ద తన నోట్లో వేసుకున్నప్పుడే మొదలై ఉండొచ్చు. ఆ ముద్దని ఎవరు తప్పు పడతారు?

చేతులు కడగొద్దని నేననడం లేదు. స్టీలు, ప్లాస్టిక్ మీద ఫ్లూ వైరస్ ఒకటి రెండు రోజులు ఉండగలదు. మామూలు సబ్బు దాని కొవ్వు పొరని విడగొట్టేస్తుంది. టీవీ రిమోటు, తలుపు గడియ మర్చిపోవద్దు. కానీ ముందు కిటికీ తెరవండి.

ఈ ఏడాది వానలకి ముందే అత్తయ్యకి ఫ్లూ టీకా వేయించాం. వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి ఏటా వేయించుకోవాలట. మొన్న జూలైలో పాపకి మళ్లీ జ్వరం రాగానే ఏసీ ఆపేశాను. దోమతెర కట్టి కిటికీలు బార్లా తెరిచి, టేబుల్ ఫ్యాను బయటివైపు తిప్పి పెట్టాను. మాస్కు పెట్టుకుని పాప దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. అత్తయ్య మంచం హాల్లో బాల్కనీ పక్కకి మార్చాం.

"పిల్లకి ఒంట్లో బాగోకపోతే నన్ను దూరంగా పడుకోమంటావేంటమ్మా" అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అప్పుడు నా ఫోను పాప దిండు పక్కన పెట్టి స్పీకర్ ఆన్ చేశాను. హాల్లోంచి ఆవిడ ఏడు చేపల కథ మొదలుపెట్టారు. గదిలోంచి ఇది ఊఁ కొడుతూ ఉంది. మూడో చేప దగ్గరికి వచ్చేసరికి ఊఁ ఆగిపోయింది. "పడుకుందా?" అన్నారు అత్తయ్య, గొంతు తగ్గించి.