స్టేబుల్ అని రాసింది నేనే

బుధవారం, ఆగస్టు 20, 2025. బీటీఎం లేఅవుట్, బెంగళూరు.

పొద్దున 7:40కి మా జూనియర్ మెసేజ్. "అక్కా, బిల్డ్ అంతా పచ్చగానే ఉంది. సర్వీసు మాత్రం లేవట్లేదు."

పళ్లు తోముకుంటూ చదివాను. బిల్డ్ అంటే మేం రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా కట్టే పని. పచ్చగా ఉంటే పాసైనట్టు. బిల్డ్ ఎర్రగా ఉంటే నాకేం భయం ఉండదు, ఎక్కడ విరిగిందో అదే చెబుతుంది. పచ్చగా ఉండి పనిచేయకపోతేనే టెన్షన్. అయినా ల్యాప్‌టాప్ తెరవలేదు. ఆగింది స్టేజింగ్‌లో, అంటే అసలు చోటికి పంపే ముందు సరిచూసుకునే చోట. అసలు చోట పాత కంటైనర్లు, అంటే ప్రోగ్రాంనీ దానికి కావాల్సిన ఫైళ్లనీ కలిపి నడిపే డబ్బాలు, నడుస్తూనే ఉన్నాయి. కొత్తది లేచి నిలబడ్డాకే పాతదాన్ని దింపాలన్న ఏర్పాటు మాది. ఆ ఏర్పాటు కోసం అప్పట్లో పోట్లాడినవాళ్లకి ఒక దండం.

మెట్రోలో వెళ్లాను. పసుపు లైను మొదలై పది రోజులైంది. మూడే రైళ్లు, 25 నిమిషాలకొకటి. ఒకటి తప్పిపోతే ప్లాట్‌ఫారం మీద నిలబడి లాగ్స్ అన్నీ చదివేయొచ్చు. నేను చదివాను కూడా. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య కోడ్‌లో మారింది ఒక కామెంట్ మాత్రమే, ప్రోగ్రాం నడకతో దానికి సంబంధమే లేదు. రైలెక్కాక సిల్క్ బోర్డు దగ్గర కింద బండ్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఆగి ఉంటే, వాటి మీదుగా పోతున్న ఆ అర నిమిషం ఫోన్ పక్కన పెట్టేశాను. ఆరేళ్లు అందులో ఇరుక్కున్నదాన్ని, ఆ మాత్రం చూసుకోనివ్వండి.

ఆఫీసులో జూనియర్ అప్పటికే కంటైనర్ లోపలికి దూరి కూర్చున్నాడు. తెరమీద రెండు లైన్లు. లిబ్‌ఎస్‌టీడీసీ++లో 3.4.32 వెర్షన్ లేదని ఒకటి, జీలిబ్‌సీలో 2.38 లేదని ఇంకొకటి. రెండూ లైనక్స్‌లో సీ++, సీ ప్రోగ్రాములు ఆధారపడే లైబ్రరీలు, అంటే రెడీమేడ్ ఫంక్షన్ల మూటలు. ఆ ఫైళ్లు రెండూ ఉన్నాయి, ఉండాల్సిన చోటే ఉన్నాయి. మా ప్రోగ్రాం అడుగుతున్న వెర్షన్ వాటిలో లేదు, అంతే. నాకు అక్కడే సగం అర్థమైంది. మిగతా సగం అర్థం కాకపోతే బాగుండు అనిపించింది.

"ఏమక్కా, మనం కొత్త ఫంక్షన్ యాడా వాడలేదు కదా?" అన్నాడు. హిందూపురం అబ్బాయి. ఆఫీసులో అందరితో ఇంగ్లీషే, తల తిరిగినప్పుడు మాత్రం 'యాడా' వచ్చేస్తుంది.

బైనరీ, అంటే కంపైల్ అయి తయారైన ప్రోగ్రాం, లైబ్రరీల్లోంచి ఏమేం సింబల్స్ (ఫంక్షన్ల పేర్లు) అడుగుతోందో ఆబ్జ్‌డంప్‌తో తీసి చూపించాను. వందల పేర్ల మధ్య ఒకచోట ఐసోసీ23_ఎస్‌టీఆర్‌టోల్. వాడు కోడ్ మొత్తం వెతికాడు, ఆ పేరు ఎక్కడా లేదు. ఎలా ఉంటుంది? మేం రాసింది ఉత్త ఎస్‌టీఆర్‌టోల్, అంకెలున్న మాటను సంఖ్యగా మార్చే ముసలి ఫంక్షన్. సీ భాష కొత్త ప్రమాణం సీ23లో, 0బీ1010 లాగా సున్నాలూ ఒకట్లతో రాసే బైనరీ సంఖ్యల్ని కూడా అది చదవాలన్నారు. అందుకని జీలిబ్‌సీ 2.38 నుంచి కంపైల్ చేసేటప్పుడు కోడ్‌లో కలిసే హెడర్ ఫైలే చాటుగా పేరు మార్చి కొత్త ఫంక్షన్‌కి కలిపేస్తుంది. మా సర్వీసు చదివేది పోర్ట్ నంబర్లు, టైమౌట్లు. బైనరీ సంఖ్య దాని జన్మలో చూడలేదు.

సరే, కొత్త జీలిబ్‌సీ బిల్డ్‌లోకి ఎక్కణ్నుంచి వచ్చింది? మాది రెండంచెల బిల్డ్. ఇమేజ్ అంటే కంటైనర్‌ని తయారుచేసే అచ్చు. మొదటి ఇమేజ్‌లో కంపైల్ చేస్తాం, తయారైన బైనరీని రెండో చిన్న ఇమేజ్‌లోకి కాపీ చేస్తాం. రెండోదాని బేస్, అంటే అడుగున ఉండే లైనక్స్, 'డెబియన్ బుక్‌వర్మ్' అని విడుదల పేరుతో సహా రాసి ఉంది. మొదటిదాని బేస్ 'డెబియన్ స్టేబుల్'. ఆ లైను ఎవరు రాశారో హిస్టరీ చూడక్కర్లేదు. 2023 చివర్లో నేనే రాశాను. "ఇక ఇమేజ్ స్థిరంగా ఉంటుంది" అని కమిట్ మెసేజ్ (మార్పుతో పాటు రాసే నోట్) కూడా పెట్టాను. జూనియర్ అది చూశాడు. చూడనట్టు మానిటర్ బ్రైట్‌నెస్ సరిచేసుకున్నాడు.

అప్పట్లో స్టేబుల్ అన్నా బుక్‌వర్మ్ అన్నా ఒకటే, డెబియన్ 12. రెండేళ్లు ఆ రెండు మాటలూ ఒకే ఇంటికి దారి చూపించాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఈ నెల 9న డెబియన్ 13 ట్రిక్సీ వచ్చింది. స్టేబుల్ అనే బోర్డు తీసుకెళ్లి దానికి తగిలించారు. మా కంపైల్ ఇమేజ్ రెండు వారాలకోసారి మంగళవారం రాత్రి దానంతటదే తిరిగి తయారవుతుంది. నిన్న రాత్రి తయారైనదాంట్లో జీలిబ్‌సీ 2.41. రెండో ఇమేజ్‌లోని బుక్‌వర్మ్‌లో ఉన్నది 2.36. పాతదాని మీద కట్టిన బైనరీ కొత్తదాని మీద నడుస్తుంది, జీలిబ్‌సీ వాళ్లు ఆ మాట ఏళ్ల తరబడి నిలబెట్టుకుంటూ వస్తున్నారు. కొత్తదాని మీద కట్టింది పాతదాని మీద నడుస్తుందని మాత్రం ఎవరూ ఎప్పుడూ మాటివ్వలేదు.

మరి టెస్టులు ఎలా పాసయ్యాయంటే, వాటిని నడిపింది కంపైల్ ఇమేజ్‌లోనే. అక్కడ అన్నీ కొత్తవే కాబట్టి అన్నీ పచ్చగా వెలిగాయి. బయటికి వెళ్లే ఇమేజ్‌లో బైనరీని ఒక్కసారైనా లేపి చూసే అంచె మా పైప్‌లైన్‌లో అసలు లేదు. స్టేబుల్ అని రాసినందుకు కన్నా ఇందుకే నాకు ఎక్కువ సిగ్గేసింది.

మధ్యాహ్నం మెస్‌లో పప్పన్నం కలుపుకుంటూ జూనియర్ అడిగాడు, "అన్నీ స్టాటిక్‌గా లింక్ చేసేస్తే పీడా పోతుంది కదక్కా?" లైబ్రరీలన్నిటినీ ప్రోగ్రాం ఫైల్లోనే కలిపేద్దామని వాడి మాట. తేలిగ్గా తీసేసేది కాదు. వంద ప్రోగ్రాములు ఒకే కాపీ పంచుకోవాలని షేర్డ్ లైబ్రరీలు పెట్టుకున్నాం. కంటైనర్లు వచ్చాక, ఒకే బేస్ పొర మీద కట్టినవైతే తప్ప, ఎవరి కాపీ వాళ్లు మోసుకు తిరుగుతున్నారు. కానీ జీలిబ్‌సీని స్టాటిక్‌గా కలిపితే హోస్ట్ పేర్లు, అంటే నెట్‌వర్క్‌లో వేరే కంప్యూటర్ల పేర్లు, వెతికే దగ్గర తేడా వస్తుంది. ముక్కలన్నీ కలిపే లింకరే హెచ్చరిస్తుంది, నడిచేటప్పుడు అదే వెర్షన్ లైబ్రరీలు పక్కన కావాలని. పైగా నెట్‌లో పంపే సమాచారాన్ని గుప్తంగా ఉంచే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ లైబ్రరీలో రేపు లోపం బయటపడితే ఒక ప్యాకేజీ మార్చి ఊరుకోవడం కుదరదు, అన్నీ మళ్లీ కట్టుకోవాలి. వద్దన్నాను. గోంగూర ఇంకోసారి వేయించుకున్నాడు, పెద్దగా ఒప్పుకున్నట్టు లేడు.

తర్వాత పని గంటలో అయిపోయింది. రెండు ఇమేజ్‌లకీ ఒకే బుక్‌వర్మ్, పేరు కాకుండా డైజెస్ట్‌తో, అంటే ఆ ఇమేజ్‌కే చెందిన వేలిముద్ర లాంటి సంఖ్యతో. అలా బిగించి వదిలేస్తే సెక్యూరిటీ సవరణలు రావు కాబట్టి, కొత్త డైజెస్ట్ వచ్చినప్పుడల్లా ఒక బాట్ మార్పు పంపేలా పెట్టాం. ఎవరో ఒకరు చూసి ఒప్పుకోవాలి. చివర్లో ఇంకో అంచె కలిపాం. బయటికి వెళ్లే ఇమేజ్‌లోనే కావాల్సిన లైబ్రరీలు దొరుకుతున్నాయో లేదో చెప్పే ఎల్‌డీడీ నడిపి, ఆ తర్వాత బైనరీని వెర్షన్ చెప్పమని అడుగుతాం. నిన్నటి ఇమేజ్ మీద దాన్ని నడిపితే ఎర్రబడింది. ఇద్దరం చప్పట్లు కొట్టాం. ఎర్రబడినందుకు చప్పట్లేంటని పక్క టీమ్ కన్నడ అమ్మాయి తల తిప్పి చూసింది.

సాయంత్రం స్టేషన్‌లో ఉండగా అమ్మ ఫోన్. చవితికి వస్తున్నావా అని. వచ్చే బుధవారమే పండగ, ఒంగోలు బస్సు ఇంకా బుక్ చేయలేదు.

"రోజంతా ఏం చేశావే?"

"బిల్డ్ ఆగిపోయిందమ్మా, అది చూశాను."

"ఎవరి ఇల్లు? స్లాబ్ వేశారా?"

వేశారన్నాను. చెప్పాలంటే 25 నిమిషాలు సరిపోవు.

ఇంటికొచ్చి పడుకునే ముందు ఊరికే మిగతా రిపోలన్నిటిలో, అంటే మా కోడ్ దాచే చోట్లన్నిటిలో, 'డెబియన్ స్టేబుల్' అని వెతికాను. ఇంకో ఆరు చోట్ల ఉంది. ఒకదాంట్లో నా కమిట్ మెసేజ్ కూడా మక్కీకి మక్కీ దిగింది.